ఏటి పక్షి పేరూ, శ్రీమతి హన్నా బోవెల్ గారూ

శ్రీమతి హన్నా బోవెల్ గారు మా పాఠశాలలో ప్రకృతిశాస్త్ర సహాయోపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించినది 1981వ సంవత్సరం సెప్టెంబరు 7వ తేదీ, సోమవారం నాడు. అప్పటికి వారికి ఇరవై రెండేళ్లు. పుట్టింటివారి పేరు క్రాఫర్డ్. కాంజే ఏటి అవతలి గట్టు నుంచి వంతెన దాటి న్యూ ఆమ్‌స్టర్‌డామ్ పట్టణానికి నడిచి వచ్చేసరికి వానకు దారంతా బురదైపోగా, జోళ్లు చేతబట్టుకుని ఉత్త కాళ్లతోనే ప్రధానోపాధ్యాయుల గది గుమ్మంలో నిలబడ్డారని నాటి సహోద్యోగులు నేటికీ చెప్పుకుంటారు. కీర్తిశేషులు మహాదేవ్ రామ్‌సరూప్ గారు ఆనాటి ప్రధానోపాధ్యాయులు. వారు నియామక పత్రం చూసి, హెచ్. క్రాఫర్డ్ అని ఉన్నదే, హెచ్ అంటే ఏమిటమ్మా అని అడిగారట. "హెచ్ చాలండి" అన్నారట ఆమె. కొత్తగా వచ్చిన పిల్ల బిడియపడుతున్నదనుకుని ఆయన మరి రెట్టించలేదు. ఆనాటి నుంచి తరగతి గది తలుపు మీదా, కాలపట్టికలోనూ, జీతాల బట్వాడా కాగితాల్లోనూ వారి ఇంటిపేరుకు ముందు ఆ ఒక్క అక్షరమే నిలిచింది. వివాహానంతరం క్రాఫర్డ్ పోయి బోవెల్ వచ్చినా ఆ అక్షరం విప్పారలేదు.

ఇక్కడ ఒక మాట మనవి చేసుకోవలసి ఉన్నది. ఈ ప్రత్యేక సంచికలో తమ గురించి వ్యాసం ప్రచురించడానికి సమ్మతి కోరుతూ సంచిక సంఘంవారు వెళ్లినప్పుడు, హన్నా గారు మంచి కాఫీ ఇచ్చి, పైనాపిల్ పూర్ణం పెట్టి కాల్చిన తీపి కజ్జికాయలు పెట్టి, ఒక షరతు కూడా పెట్టారు.

"మంచివన్నీ రాసుకోండి, వద్దనను. లొవీనా సంగతి రాయకపోతే మాత్రం నా బొమ్మ వేయొద్దు, నాకు పూలగుత్తి ఇవ్వొద్దు."

ఇటువంటి సంచికల్లో అటువంటివి ఎవరూ రాయరని సంఘంవారు నచ్చజెప్పబోయారు.

"రాయరు. అందుకే అన్నీ ఒక్కలాగే ఉంటాయి" అన్నారు ఆమె.

కనుక వారి సేవలను సగౌరవంగా స్మరించుకుంటూనే, వారు ఏ సంగతి తలచుకుని పాతికేళ్లుగా తల వంచుకుంటున్నారో అది కూడా ఇందులో రాస్తున్నాము. కుటుంబ సభ్యులు, ముఖ్యంగా వారి భర్త కర్టిస్ బోవెల్ గారు, దీన్ని సహృదయంతో స్వీకరిస్తారని ఆశ.

హన్నా గారు పుట్టి పెరిగినది కాంజే ఏటి ఒడ్డున. తండ్రిగారు చెరకు తోటల్లో కాలువల తలుపులు చూసుకునేవారు. తల్లి ఐవీ క్రాఫర్డ్ గారు చర్చి గాయకబృందంలో ముందు వరుసలో నిలబడి పాడేవారు. ఆ ఏటి పొడవునా నీటిలోకి వంగిన పొదల నిండా మన జాతీయ పక్షి గుంపులు గుంపులుగా ఉంటుంది. తల మీద చెదిరిన కుచ్చు, నీలి ముఖం, ఎర్రని కన్ను. ఆకులే దాని ఆహారం. తిన్న ఆకు ఆవు కడుపులో నానినట్టు దాని అన్నాశయంలో నాని పులిసి అరుగుతుంది గనుక, దగ్గరికి వెళితే పశువుల కొట్టం వాసన వేస్తుంది. పుస్తకాల్లో దాని పేరు హోవాట్సిన్. మర్యాదస్తులు కాంజే ఫెజెంట్ అంటారు. కానీ మన ఊళ్లలో, పడవల్లో, బజారులో దానికి ఇంగ్లీషులో ఇంకొక పేరు ఉన్నది. స్టింకింగ్ హన్నా, అనగా కంపు హన్నా.

ఏటి గట్టున పుట్టిన ఆడపిల్లకు హన్నా అని పేరు ఉండటం ఎటువంటి కష్టమో ఆ గట్టున చదువుకున్నవారికే తెలుస్తుంది. ఆమె బడిగదిలో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు ముక్కు మూసుకునేవారు. "హన్నా వచ్చిందిరోయ్, కిటికీలు తియ్యండి" అని వెనక బెంచీ నుంచి వినబడేది. ఇంతకూ ఆ హన్నా ఎవరు అన్నదానికి ఊరు ఊరంతా తలొక కథ చెప్పేది. డచ్చి దొరగారింట్లో స్నానమెరుగని వంటమనిషి అని ఒకరు, చేపలు కుళ్లిపోయేదాకా అమ్మిన బజారు మనిషి అని ఒకరు, గవర్నరుగారి పనిమనిషి అని మరొకరు. అందరి కథల్లోనూ ఆమె మురికి మనిషే.

తన పేరు మార్చమని చిన్ననాడు ఆమె తల్లిని అడిగారు. ఆదివారం ప్రార్థనకు బయలుదేరుతున్న ఐవీ గారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట.

"బైబిల్లో హన్నా ఏడ్చి, ఉపవాసముండి బిడ్డను అడిగింది. నేనూ అలాగే నిన్ను అడిగి కన్నాను. ఆ పిట్టకి నీ పేరు పెట్టినవాడు ఎవడో, పోయి వాణ్ణి అడుగు. నన్నడక్కు."

తల్లి ఆ మాట కోపంతో అనలేదనీ, ఆమె కళ్లలో నీళ్లు చూశాననీ హన్నా గారు చెబుతారు. ఆ మీదట ఇంట్లో ఆ ఊసు ఎత్తలేదు. పట్టణంలో ఉద్యోగం దొరికాక మాత్రం పేరును ఒక్క అక్షరంలోకి కుదించి లోపల దాచుకున్నారు. తల్లి మాట కూడా ఊరికే పోనివ్వలేదు. ఆ పేరు పెట్టినది ఎవరో కనిపెట్టాలని గ్రంథాలయంలో పాత ప్రయాణ గ్రంథాలూ, తోటల చరిత్రలూ తిరగేశారు. డచ్చి కుటుంబాల్లో హన్నాలు బోలెడుమంది తగిలారు గానీ, పక్షికి పేరిచ్చిన హన్నా మాత్రం ఎక్కడా దొరకలేదు.

వారి ఉద్యోగ జీవితపు తొలి దశాబ్దం దేశానికి కడు కష్టకాలం. గోధుమపిండి దిగుమతి నిషిద్ధమై, వరిపిండి రొట్టెతోనే పిల్లలు బడికి వస్తున్న ఆ రోజుల్లో, హన్నా గారు బడి వెనుక ఉప్పుపారిన నేలను తవ్వించి బెండ, బొప్పాయి, కర్రపెండలం పండించి, ప్రకృతిశాస్త్రం పాఠమూ పిల్లల మధ్యాహ్న భోజనమూ ఒకే మడిలో నేర్పారు. పుస్తకాలు లేనప్పుడు తామే చిత్రాలు గీసి గోడలకు అంటించారు. 1986లో రేవు పడవల మరమ్మతుశాలలో యంత్రకారులైన కర్టిస్ బోవెల్ గారిని వివాహమాడారు. మారుమూల నుంచి వచ్చిన పిల్లలు కూడా వారి చేతిలో ప్రభుత్వ పరీక్షల్లో విశేషంగా ఉత్తీర్ణులయ్యారు. తరగతి గదిలో వారు మిక్కిలి కఠినులు. బల్ల సొరుగులో బెత్తం ఉండేది. అది అప్పటి రివాజు, ఎవరూ ఆక్షేపించేవారు కారు.

1994 ఆరంభంలో జరిగిన సంగతి ఇప్పుడు చెప్పవలసి ఉన్నది.

ఆ విద్యాసంవత్సరంలో కొరెంటైన్ నది ఎగువన ఒరియాలా గ్రామం నుంచి లొవీనా హెర్మన్ అనే పన్నెండేళ్ల అమ్మాయి మా వసతిగృహంలో చేరింది. ఆ ఏళ్ల ఒడ్డున అనాదిగా ఉన్న లొకోనో తెగవారి పిల్ల. తక్కువగా మాట్లాడేది, తరగతిలో అందరికంటే వెనుక కూర్చునేది. అదే తరగతిలో హన్నా గారి స్వగ్రామం నుంచి వచ్చే పిల్లలు కొందరు ఉన్నారు. హెచ్ అంటే ఏమిటో ఇంట్లో పెద్దల నోట విన్నవారే. ఒకనాడు ఉదయం వారిలో ఎవరో నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో కంపు హన్నా అని రాశారు. ఆమె మారుమాట లేకుండా తుడిచేశారు. ఎవరు రాశారని అడగలేదు. అడిగితే పేరు ఒప్పుకున్నట్టవుతుందని భయం.

ఆ మరుసటి వారమే పక్షుల పాఠం మీద చిన్న పరీక్ష. మన జాతీయ పక్షికి వాడుకలో ఉన్న మరొక పేరు రాయుము అన్నది ప్రశ్న. కాంజే ఫెజెంట్ అని అందరూ రాశారు. లొవీనా ఒక్కతే "హన్నా" అని రాసింది. ముందు గానీ వెనుక గానీ ఇంకొక మాట లేదు.

హన్నా గారు ఆ కాగితం చేతిలో పట్టుకుని, అమ్మాయిని లేచి నిలబడమన్నారు. రాసింది బిగ్గరగా చదవమన్నారు.

"హన్నా" అని చదివింది ఆ పిల్ల.

తరగతి పగలబడి నవ్వింది. అంతమంది నవ్వేసరికి, తాను ఏదో ముచ్చటైన మాటే చెప్పాననుకుని కాబోలు, ఆ పిల్ల కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వే హన్నా గారికి నిప్పు అంటించింది. రెండు అరచేతుల మీదా బెత్తంతో కొట్టారు. అంతటితో ఆగినా సరిపోయేది. తరగతి అంతా చూస్తుండగా ఇంకొక మాట అన్నారు.

"మీ ఊరి కంపు మీ ఊళ్లోనే వదిలేసి రావాలి. ఇక్కడిదాకా మోసుకురాకూడదు."

తన చిన్నతనంలో తన మీదికి విసిరిన మాటనే తిప్పి ఆ పిల్ల మీద విసిరారు. దాని బరువు ఎంతో ఆ గదిలో ఆమె ఒక్కరికే తెలుసు.

ఆ సాయంత్రానికల్లా ఆ మాట బడంతా తిరిగింది. వసతిగృహంలో పక్క మంచం పిల్లలు తమ మంచాలు దూరంగా జరుపుకున్నారు. భోజనాల వద్ద లొవీనా కూర్చున్న బల్ల ఖాళీ అయింది. ఉపాధ్యాయుల గదిలో కూడా ఎవరో ఆ మాటను తిరిగి చెప్పగా నవ్వు పుట్టింది. భలే పెట్టారండీ అన్నవారున్నారు, తప్పన్నవారు లేరు. ఏటి ఎగువ పిల్లలను అడవి మనుషులని వెక్కిరించడం మనకు అలవాటైన పాపం. ఆ శుక్రవారం లొవీనా తన పెట్టె తీసుకుని స్ప్రింగ్‌లాండ్స్ రేవుకు పోయే మినీబస్సు ఎక్కింది. మళ్లీ సోమవారం రాలేదు. తప్పు చేసింది గనుకనే పారిపోయింది అనుకున్నారు హన్నా గారు.

రెండు వారాలు గడిచాక, మధ్యాహ్న విరామ సమయంలో, ఒక స్త్రీ ఉపాధ్యాయుల గదికి వచ్చారు. ఇస్త్రీ చేసిన నీలి గౌను, చేతిలో అల్లిన సంచి. తన పేరు డెల్ఫీన్ హెర్మన్ అనీ, ఒరియాలాలో ప్రాథమిక తరగతులకు పాఠాలు చెబుతాననీ, లొవీనాకు తల్లిననీ పరిచయం చేసుకున్నారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మా పిల్ల రాసిన జవాబు తప్పేమో కనుక్కుందామని వచ్చాను టీచర్" అన్నారు.

జవాబు తప్పా ఒప్పా అన్నది కాదు సంగతి, మీ అమ్మాయి నన్ను ఎగతాళి చేసింది అన్నారు హన్నా గారు. ఎలాగని డెల్ఫీన్ గారు అడిగారు. గదిలో అందరూ వింటున్నారు. పదమూడేళ్లుగా ఆ గదిలో పలకని మాట అప్పుడు పలకవలసి వచ్చింది.

"హన్నా నా పేరు."



"మీ పేరు హన్నానా టీచర్? మాకు తెలీదే. అది మిమ్మల్ని మిస్ బోవెల్ అనే అంటుంది. మీ టీచర్ పేరేంటే అని నేనే ఓసారి అడిగితే, తలుపు మీద హెచ్ అని మాత్రం ఉందమ్మా అంది."

 పేరు దాచుకున్నది హన్నా గారే. దాచిన పేరు, ఎవరితోనూ అంతగా మాట్లాడని ఆ పిల్లకు తెలియలేదు; నల్లబల్ల మీది రాత కూడా ఆమెకు పిట్ట పేరే. తెలియని పేరుతో ఎవరినైనా ఎగతాళి ఎలా చేస్తారు? ఇంత చిన్న సంగతి కొట్టడానికి ముందు తనకు తట్టలేదెందుకని హన్నా గారు తనను తాను ఆనాటి నుంచీ అడుగుతూనే ఉన్నారు.

మరి అలా ఎందుకు రాసిందని ఎవరో మెల్లగా అడిగారు.

"ఎందుకేంటండీ, దాని పేరు అదేగా. మేం ఆ పిట్టని హన్నా అనే అంటాం. మా అమ్మ అదే అంది, వాళ్లమ్మ అదే అంది. ఇంగ్లీషువాళ్లు, డచ్చివాళ్లు రాకముందు నుంచీ మా భాషలో అదే మాట. వచ్చినవాళ్ల చెవికి ఆడమనిషి పేరులా వినబడి ఉంటుంది. కంపు అన్నది వాళ్లు తగిలించారు. మేం అనం."

తల్లి ఏనాడో అడగమన్న ప్రశ్నకు జవాబు అలా వచ్చింది. వంటమనిషి లేదు, చేపల మనిషి లేదు, గవర్నరుగారి పనిమనిషీ లేదు. అసలు హన్నా అనే మనిషే లేదు. తనను జీవితమంతా తరిమిన పేరు ఒక చెవి చేసిన పొరపాటు. సంతోషం కలగవలసిన ఆ క్షణంలోనే హన్నా గారికి నేలలోకి కుంగిపోవాలనిపించింది. ఎందుకంటే డెల్ఫీన్ గారు ఇంకా వెళ్లలేదు.

"పేరు సంగతి అయిపోయింది టీచర్. నేను వచ్చింది వాసన సంగతి అడుగుదామని. మా ఊరి కంపు అన్నారట. మీరు మా ఊరు ఎప్పుడైనా వచ్చారా?"

"లేదు" అన్నారు హన్నా గారు. 

"సరే అయితే" అని డెల్ఫీన్ గారు సంచి భుజానికి తగిలించుకుని, గదిలో ఉన్న అందరికీ మర్యాదగా తల వంచి వెళ్లిపోయారు. ఎవరూ గుమ్మందాకా సాగనంపలేదు.

ఆ మధ్యాహ్నం హన్నా గారు పాఠం చెప్పలేకపోయారు. ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్లి, ఆ పిల్లను తిరిగి తీసుకురావాలి అన్నారు. రామ్‌సరూప్ గారు చెడ్డవారు కారు, కానీ అలసిపోయిన మనిషి. పిల్లలు వస్తుంటారు, పోతుంటారు, దీన్ని పెద్దది చేయకండి అన్నారు. ఇంటికి వెళ్లాక, ఒరియాలాకు తానే పోతానన్నారు; సంగతంతా విని కర్టిస్ గారు తోడు వస్తానన్నారు. ఆమె వద్దన్నారు. తోడు ఉంటే మొహం చాటేసే వీలు దొరుకుతుందేమోనని ఆమె భయం.

ఈస్టర్ సెలవుల్లో ఆమె స్ప్రింగ్‌లాండ్స్ రేవులో ఒరియాలా పడవ ఎక్కారు. అది ఆటుపోట్లను బట్టి నడిచే పడవ. ఉప్పు బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, కోళ్లగంపల నడుమ మనుషులు. ఏటి ఎగువకు పోగా పోగా పొదల్లో ఆ పక్షులు కనబడ్డాయి. పడవ చప్పుడుకు ఒక పిల్ల పక్షి కొమ్మ మీది నుంచి నీటిలోకి దూకేసింది. తరువాత రెక్కల కొసనున్న గోళ్లతో పట్టుకుని, తడిసిన గుడ్డపేలికలా, మెల్లగా మళ్లీ కొమ్మ ఎక్కింది. పక్కన కూర్చున్న ముసలాయన దాన్ని చూపించి, అదిగో హన్నా అన్నాడు. ఆయన గొంతులో వెక్కిరింత లేదు. ఆ పక్షిని చూపిస్తూ ఆ పేరును వెక్కిరింత లేకుండా పలకగా ఆమె వినడం అదే మొదటిసారి.

ఒరియాలాలో తెల్ల ఇసుక గట్టు మీద డెల్ఫీన్ గారి ఇల్లు. ఆవిడ ఆశ్చర్యం చూపలేదు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఇచ్చారు. కర్రపెండలం రొట్టె, నల్లని మాంసపు పులుసు వడ్డించారు. తినడానికి సిగ్గుపడి హన్నా గారు కంచం ముందు చేతులు ముడుచుకుని కూర్చోగా, తినండి టీచర్, తిండి మీద ఎవరికీ కోపం లేదు అన్నారు ఆవిడ.

లొవీనా చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చి, హన్నా గారికి దూరంగా, గాలి తనవైపు నుంచి వీయని చోటు చూసుకుని నిలబడింది. మొదట అది ఎందుకో హన్నా గారికి అర్థం కాలేదు.

"మిస్, నిజం చెప్పండి. నా దగ్గర వాసన వస్తుందా?" అని అడిగింది.

రోజూ సబ్బుతో ఏట్లో రెండేసి మూడేసి సార్లు ఒళ్లు తోముకుంటోందని, మోచేతులు పగిలిపోయాయని తల్లి పక్క నుంచి చెప్పారు. హన్నా గారు ఆ మోచేతులు చూశారు. అదే వయసులో తాను కాంజే ఏటి మెట్ల మీద కూర్చుని బట్టలుతికే సబ్బుతో మెడ రక్తమొచ్చేలా తోముకున్నది గుర్తుకు వచ్చింది. ఆ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. ఆ పిల్లకు చెప్పారు.

"రాదమ్మా. నీ దగ్గర ఏ వాసనా రాదు. ఎప్పుడూ రాలేదు. నన్ను అలా అన్నవాళ్ల మీద కోపం ఇన్నేళ్లు దాచుకుని, ఏ తప్పూ చేయని నిన్ను అన్నాను. నువ్వు రాసిన జవాబు సరైనది. దెబ్బ తప్పు, మాట అంతకంటే తప్పు. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

 తిరిగి బడికి వస్తావా అని హన్నా గారు అడిగారు. రానని తల ఊపింది. నేను ఆ బడి వదిలి వేరే చోటికి మారిపోతే వస్తావా అని అడిగారు.

"మీరొక్కరే కాదుగా మిస్. వాళ్లందరూ ఉంటారుగా" అంది లొవీనా.

  తన నోటి నుంచి వెళ్లిన మాట ఇప్పుడు వంద నోళ్లలో ఉన్నదనీ, ఒక పడవ ప్రయాణంతో అది వెనక్కి రాదనీ హన్నా గారికి తెలిసింది. తిరుగు పడవలోకి డెల్ఫీన్ గారు రొట్టె పొట్లం కట్టి ఇచ్చారు. దారి పొడవునా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారే గానీ విప్పలేకపోయారు.

సెలవుల తరువాత మొదటి ఉదయపు ప్రార్థన సభలో, ప్రధానోపాధ్యాయుల అయిష్టతను కాదని, హన్నా గారు వేదిక ఎక్కి జరిగినదంతా బడికి చెప్పారు. పిల్లలు మొదట నవ్వారు. ఆమె నవ్వు అయ్యేదాకా ఆగి, మళ్లీ చెప్పారు. తలుపు మీది పలకను తీయించి పూర్తి పేరుతో కొత్తది వేయించారు. బెత్తాన్ని ప్రధానోపాధ్యాయుల బల్ల మీద పెట్టి వచ్చేశారు. బెత్తం లేకపోతే తరగతి ఎలా నడుస్తుందని రామ్‌సరూప్ గారు అడిగితే, నడవకపోతే నన్ను పంపేయండి అన్నారు. తరగతి నడిచింది. మొదటి ఏడాది మాత్రం చాలా గోలగా నడిచిందని పక్క గదులవారు ఫిర్యాదు చేసిన మాట నిజం.

నాటి నుంచి పక్షుల పాఠం వారి చేతిలో మరొక పాఠమైంది. హోవాట్సిన్ అని మనం గౌరవంగా పిలిచే పేరు మెక్సికో దేశపు పాత భాషలో వేరే పక్షిదనీ, పుస్తకాలు రాసినవారు పొరబడి దీనికి అంటించారనీ చెప్పేవారు. కాంజే ఫెజెంట్ అంటాము గానీ అది ఫెజెంట్ జాతిదే కాదని చెప్పేవారు. హన్నా అన్న మాట ఏటి ఒడ్డున మొదటి నుంచీ ఉన్నవారి భాషలోదని పాత ప్రయాణికులు కొందరు రాసుకున్నారనీ, అది ఆడమనిషి పేరుగా ఎలా మారిందన్నదానికి మాత్రం తన దగ్గర రుజువు లేదనీ, డెల్ఫీన్ హెర్మన్ గారు చెప్పినదాన్ని తాను నమ్ముతున్నాననీ విడమరచి చెప్పేవారు. పేరులో పిట్ట ఉన్నది, కంపు మాత్రం మనం తెచ్చిపెట్టినది అనేవారు. ఏ సంవత్సరమూ పిల్లలు నవ్వకుండా ఉండలేదు. ఏ సంవత్సరమూ ఆమె ఆ పాఠం మానలేదు.

1999లో శాస్త్ర విభాగాధిపతిగానూ, 2007లో ఉపప్రధానోపాధ్యాయినిగానూ వారు పదోన్నతి పొందారు. వసతిగృహ పర్యవేక్షణను అదనపు బాధ్యతగా తామే అడిగి తీసుకుని, ఏటి ఎగువ నుంచి వచ్చే పిల్లల మంచాలు విడిగా వేసే పద్ధతిని రద్దు చేశారు. భోజనాల వద్ద తామూ ఆ పిల్లల నడుమనే కూర్చునేవారు. డెల్ఫీన్ గారిని ఎన్నో ఏళ్లు అడగగా, చివరికి ఒక ఏడాది వచ్చి మా పిల్లలకు ఏటి పక్షుల పేర్లు తమ భాషలో చెప్పి వెళ్లారు. మళ్లీ రెండుసార్లు వచ్చారు. ఇద్దరూ స్నేహితులయ్యారని మేము అనుకునేవారము. హన్నా గారు ఒప్పుకోరు. ఆవిడ మర్యాదస్తురాలు, అంతే, నేను దాన్ని స్నేహమని పిలుచుకుంటే అది నా దురాశ అంటారు. ప్రధానోపాధ్యాయ పదవి తమను వరించినప్పుడు వారు దానిని వినమ్రంగా తిరస్కరించారు. కారణం అడిగినవారికి, నా కోపం నాకు తెలుసు అని మాత్రమే చెప్పారు.

లొవీనా మా బడికి మళ్లీ రాలేదు. ఒక ఏడాది చదువు పోగొట్టుకుని, జార్జ్‌టౌన్‌లో పిన్నిగారింట ఉండి చదువుకుని, నేడు ఒరియాలా ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నారు. ఆ పోయిన ఏడాదిని ఎవరూ ఆమెకు తిరిగి ఇవ్వలేరు. హన్నా గారి వద్ద చదువుకున్న వందలాది విద్యార్థుల విజయాలను మేము ఈ సంచికలో ప్రస్తావించబోతే, వాటి పక్కన ఆ ఏడాదిని కూడా రాయమన్నారు. రాశాము.

2019 ఆగస్టు 31న హన్నా గారు పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన సభకు రావలసిందిగా ఆహ్వానించేందుకు సంచిక సంఘంవారు హన్నా గారికి తెలియకుండా ఒరియాలాకు వెళ్లి లొవీనా గారిని కలిశారు. ఆమె ఊరి పిల్లలకు టీకాలు వేస్తూ, పని ఆపకుండానే విన్నారు. సభకు రాలేనన్నారు. హన్నా గారు ఇంకా తన విషయమై సిగ్గుపడుతున్నారని చెప్పగా, చేతిలోని పని పక్కన పెట్టారు.

"సిగ్గుపడనివ్వండి. పడాల్సిందే. కానీ దానివల్ల తిండి మానేయొద్దని, మందులు వేళకి వేసుకోమని చెప్పండి. ఆవిడ చాలాకాలం ఉండాలి. పక్కింటి పిల్లలకైనా సరే, ఆ పిట్ట పేరు సరిగ్గా చెప్పేవాళ్లు ఉండాలిగా" అన్నారు.

సహోద్యోగులుగా ఇన్నేళ్లు పక్కనే ఉన్న మేము హన్నా గారికి ఆరోగ్యాన్నీ ఆయుష్షునూ కోరడానికి ఎన్నో మాటలు వెతుక్కున్నాము. ఒరియాలా నుంచి వచ్చిన ఈ మాటల కంటే మంచివి మాకు దొరకలేదు. కోరే హక్కు మా అందరికంటే ఎక్కువగా ఉన్న మనిషి కోరినది ఇది. మేమూ ఆమె వెనుక నిలబడి అదే కోరుకుంటున్నాము.